పాత జర్మన్ కారు సెకండ్ హ్యాండ్‌లో కొందామనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

మా ఇంట్లో ఒక పాత జర్మన్ డీజిల్ సెడాన్ ఉంది, తొమ్మిదేళ్ళ నుంచి హైదరాబాద్‌లో నేనే నడుపుతున్నా. అది చూసి చుట్టాలు, ఆఫీసు వాళ్ళు, పక్క ఫ్లాట్ వాళ్ళు అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు, ఫోన్లో చెప్పి చెప్పి నోరు నొప్పెడుతోంది కాబట్టి అన్నీ ఒకచోట రాసేస్తున్నా. స్కోడా, ఫోక్స్‌వ్యాగన్, ఆడి, బీఎండబ్ల్యూ, బెంజ్, వీటితో పాటు ఫియట్ కూడా కొంచెం (స్కోడా చెక్ కంపెనీ, ఫియట్ ఇటలీది, జర్మన్ కాదని తెలుసు, తిట్టకండి). పదేళ్ళు దాటిన బళ్ళ సంగతే ఇదంతా.

కొత్తలో 40 లక్షలున్న బండి ఇప్పుడు ఆరేడు లక్షలకి ఇస్తామంటున్నారు, ఏదైనా మోసమా?

మోసం అవ్వాల్సిన పనేం లేదు, దాని రేటే అంత. మొదటి ఓనరు వారంటీ ఉన్నన్నాళ్ళు నడిపి ఇచ్చేస్తాడు, రెండో ఆయన నాలుగేళ్ళు తిప్పి ఒక పెద్ద ఎస్టిమేట్ చూసి భయపడి అమ్మేస్తాడు, మూడో ఓనరుగా మీ వంతొస్తుంది. ఇక్కడ ఒక్క విషయం బుర్రలో పెట్టుకోవాలి, తగ్గింది కారు రేటు మాత్రమే, దాని పార్టుల రేటు కాదు. హెడ్‌లైట్ పగిలితే 40 లక్షల కారు హెడ్‌లైట్ రేటే కట్టాలి, మీరు ఆరు లక్షలకి కొన్నారని ఎవడూ తగ్గించి ఇవ్వడు. మన హైదరాబాదీలు అంటారు కదా చారానా కోడికి బారానా మసాలా అని, అచ్చం అదే. మసాలాకి డబ్బు పక్కన పెట్టుకున్నాకే కోడి దగ్గరికి వెళ్ళండి.

అసలు ఇవి నమ్మకంగా నడుస్తాయా? మాటిమాటికీ రోడ్డు మీద ఆగిపోతాయంటారు కదా.

ఇంజిన్ లోపలి ఇనుము గట్టిదే, నాకు తెలిసి మూడు లక్షల కి.మీ. దాటిన డీజిల్ బళ్ళు ఇంకా ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీద తిరుగుతూనే ఉన్నాయి. ఏడిపించేదల్లా ఆ ఇనుము చుట్టూ ఉండే ప్లాస్టిక్, రబ్బరు. థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంపు, కూలెంట్ డబ్బా, హోస్‌ల చివర క్లిప్పులు, టర్బో పైపులు, వాల్వ్ కవర్ గ్యాస్కెట్, సస్పెన్షన్ బుష్‌లు, ఇవన్నీ వేడికి ఎండి గట్టిపడి ఒకరోజు పుటుక్కుమంటాయి. మన మే నెల ఎండ, దానికి తోడు ట్రాఫిక్‌లో ఏసీ వేసుకుని గంటన్నర పాకడం, బానెట్ కింద ఎంత ఉడుకుతుందో ఊహించుకోండి.

నా సంగతే చెప్తా. విజయవాడ వెళ్తుంటే సూర్యాపేట దాటాక కూలెంట్ లైటు వెలిగింది, రెండు నిమిషాల్లో టెంపరేచర్ ముల్లు పైకెళ్ళిపోయింది. పక్కకి ఆపి ఇంజిన్ కట్టేసి, ముప్పావు గంట చెట్టు కింద కూర్చుని (వేడి మీద మూత తిప్పితే మొహం కాలుతుంది, ఎట్టి పరిస్థితుల్లో వద్దు) తర్వాత చూస్తే థర్మోస్టాట్ హౌసింగ్ చీలిపోయి ఉంది. షెడ్డులో అది ఊడదీస్తుంటే చేతిలోనే అప్పడంలా ముక్కలైంది. పార్టు ఖరీదు కొన్ని వేలే. కానీ ఆ రోజు లైటు చూసి కూడా ఏం కాదులే అని ఇంకో పది కి.మీ. తోలి ఉంటే హెడ్ గ్యాస్కెట్ పోయేది, హెడ్డు వంగేది, కథ లక్షల్లోకి వెళ్ళేది. మామూలు చిన్న కార్లు కొంచెం క్షమిస్తాయి, ఇవి క్షమించవు, తేడా అంతే.

అందుకే పదేళ్ళ బండి కొన్న వెంటనే కూలింగ్ సిస్టమ్ మొత్తం, అంటే పంపు, థర్మోస్టాట్, హోస్‌లు, డబ్బా, మూతతో సహా పాడవ్వకముందే మార్పించేయమంటా. కూలెంట్ విషయంలో కూడా, గులాబీ రంగుది పోసి ఉంటే దాంట్లో బంకులో దొరికే పచ్చది కలపకండి, రెండూ కలిసి బురదై రేడియేటర్‌లో, హీటర్ కోర్‌లో పేరుకుంటుంది. దారిలో దిక్కులేకపోతే మంచినీళ్ళు పోసుకుని ఇంటికొచ్చి మొత్తం ఫ్లష్ చేయించండి.

ఏ మోడల్ కొనొచ్చు, ఏది వద్దు?

అందరూ ముందు అడిగేది ఇదే, నేనేమో మోడల్ కన్నా పాత ఓనరు ముఖ్యం అంటా, ఎవరికీ నచ్చదు. సరే, తెలిసినంత చెప్తా.

మొదటి తరం స్కోడా ఆక్టేవియా 1.9 టీడీఐ డీజిల్, 90 హార్స్‌పవర్‌ది, రోటరీ పంపుతో వచ్చేది, మన దేశంలో 2010 దాకా అమ్మారు. మొండి ఘటం. టైమింగ్ బెల్టు మాత్రం టైముకి మార్చాలి, తెగితే వాల్వులు పిస్టన్లకి తగిలి ఇంజిన్ లేచిపోతుంది. ఇప్పుడు మంచి కండిషన్‌లో దొరకడమే కష్టం, దొరికినా పదిహేనేళ్ళు దాటి ఉంటుంది కాబట్టి రిజిస్ట్రేషన్ రెన్యూవల్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ చూసుకోవాలి. స్కోడా లారా డీజిల్ మాన్యువల్ కూడా మంచి బండే, 1.9 పీడీ (పంపూ ఇంజెక్టరూ ఒకటిగా ఉండే రకం) ఇంజిన్ది అయితే మాత్రం తప్పుడు ఆయిల్ పోస్తే క్యామ్‌షాఫ్ట్ అరిగిపోతుంది, ఏ ఆయిల్ వాడారో బిల్లులు అడగండి.

1.8 టీఎస్ఐ, 2.0 టీఎఫ్ఎస్ఐ పెట్రోల్ ఇంజిన్లు, అంటే లారా, సూపర్బ్, ఆడి ఏ4 లాంటి వాటిలో 2009 నుంచి 2012 ప్రాంతంలో వచ్చినవి, నడపడానికి ఎంత బావుంటాయో చెప్పలేను, ఒకసారి తోలితే మనసాగదు. కానీ ఆయిల్ తాగుతాయి, పిస్టన్ రింగుల డిజైన్‌లోనే లోపం, టైమింగ్ చైన్‌ని బిగుతుగా ఉంచే టెన్షనర్ కూడా బలహీనం. చైన్ జారితే ఇంజిన్ పోయినట్టే. టెన్షనర్ కొత్త రకంది మార్చినట్టు బిల్లు ఉంటేనే ముందుకెళ్ళండి.

బీఎండబ్ల్యూలో 2007 నుంచి 2011 మధ్య తయారైన 320డి, 520డి లాంటి వాటిలో ఎన్47 డీజిల్ ఉంటుంది. దాని టైమింగ్ చైన్ ఇంజిన్ వెనక, గేర్‌బాక్స్ వైపు పెట్టారు. చైన్ మార్చాలంటే ఇంజినో గేర్‌బాక్సో దించాలి, పార్టు కన్నా కూలి ఎక్కువ. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు వెనక వైపు నుంచి గొలుసు ఈడ్చినట్టు శబ్దం వస్తే అక్కడితో నమస్కారం పెట్టి వచ్చేయండి. బెంజ్‌లో 2.1 లీటర్ ఓఎం651 డీజిల్‌కి మొదట్లో వచ్చిన డెల్ఫీ ఇంజెక్టర్లు పోయేవి, చాలావాటికి మార్చేశారు, మీరు చూసే బండికి మార్చారా లేదా కనుక్కోండి. ఎయిర్ సస్పెన్షన్ ఉన్నది ఏదైనా, రాత్రి పార్క్ చేసి పొద్దున చూస్తే ఒక మూల కుంగి ఉంటుందేమో చూడాలి, కుంగితే నాకైతే వద్దు.

ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు డీజిల్ కొంటుంటే ఇంకోటి, 2015లో ఉద్గారాల గొడవ (పొగ పరీక్షల్లో సాఫ్ట్‌వేర్‌తో మోసం చేసింది) బయటపడ్డాక మన దేశంలో సుమారు 3.23 లక్షల బళ్ళకి రీకాల్ ప్రకటించారు, అది చేయించారో లేదో ఛాసిస్ నంబరుతో సర్వీస్ సెంటర్లో తెలుసుకోవచ్చు.

ఇక ఫియట్. పుంటో, లీనియాల్లో ఉన్న 1.3 మల్టీజెట్ డీజిల్ ఇంజిన్ మారుతి స్విఫ్ట్, డిజైర్లోనూ టాటా బళ్ళలోనూ వేశారు, అందుకే దాన్ని నేషనల్ ఇంజిన్ అని వెక్కిరించేవాళ్ళు. ఆ పుణ్యాన ఇంజిన్ స్పేర్లు ఏ ఊళ్ళోనైనా దొరుకుతాయి, ఏ మెకానిక్కి అయినా తెలుసు. ఫియట్ బ్రాండు 2019 వచ్చేసరికి ఇక్కడ మూతపడింది కాబట్టి బంపరు, లైటు, డోర్ హ్యాండిల్ లాంటి బాడీ పార్టులకే తిప్పలు. తక్కువ డబ్బుతో యూరోపియన్ స్టీరింగ్ రుచి చూడాలంటే నా ఓటు దీనికే.

డీఎస్‌జీ గేర్‌బాక్స్ అంటే భయపెడుతున్నారు, నిజమేనా?

సగం నిజం. డీఎస్‌జీ అంటే ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు వాళ్ళ రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఈ పాత బళ్ళలో ఎక్కువగా కనబడేవి రెండు రకాలు, అందరూ కలిపి తిట్టేస్తారు. ఆరు గేర్లది, డీక్యూ250, క్లచ్‌లు ఆయిల్లో మునిగి ఉంటాయి, ఇది గట్టిది, లారా డీజిల్ ఆటోమేటిక్‌లో వచ్చింది. ప్రతి 60 వేల కి.మీ.కి దాని ఆయిలూ ఫిల్టరూ మార్చడం ఒక్కటే అది అడిగేది. 'లైఫ్‌టైమ్ ఆయిల్ అండీ, ముట్టుకోనక్కర్లేదు' అని ఎవరైనా అంటే ఆ గ్యారేజీకి మళ్ళీ వెళ్ళకండి.

ఏడు గేర్లది, డీక్యూ200, క్లచ్‌లు పొడివి. పోలో జీటీ టీఎస్ఐ, ఇంకా చిన్న పెట్రోల్ టర్బోల్లో వచ్చింది. దీంట్లోనే గొడవ. లోపల మెకట్రానిక్ అని ఒక డబ్బా ఉంటుంది, గేర్బాక్స్‌కి మెదడూ చెయ్యీ రెండూ అదే, అది వేడికి, ప్రెషర్‌కి దెబ్బతింటుంది. 2013లో కంపెనీయే ప్రపంచవ్యాప్తంగా లక్షల బళ్ళు వెనక్కి పిలిచి దీంట్లో సింథటిక్ ఆయిల్ తీసేసి మినరల్ ఆయిల్ పోసింది, వేడీ తేమా ఎక్కువున్న దేశాల్లో లోపల ఎలక్ట్రికల్ సమస్యలొస్తున్నాయని. వేడి, తేమ అంటే మనమే కదా.

పోయే ముందు ఎలా తెలుస్తుందంటే, హైటెక్ సిటీ ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు ట్రాఫిక్‌లో ఒకటో గేరు రెండో గేరు మధ్య వణుకుతుంది, రివర్స్ పడడానికి ఆలోచిస్తుంది, తర్వాత డిస్‌ప్లేలో గేర్ అక్షరాలన్నీ లేదా స్పానర్ గుర్తు మిణుకుమిణుకుమంటాయి, ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే పోతుంది, అమ్మయ్య అనుకుంటారు, నెల తర్వాత రోడ్డు మధ్యలో న్యూట్రల్లో పడిపోతుంది. షోరూంలో కొత్త యూనిట్ వేస్తే లక్ష దాటుతుంది, బయట రిపేర్ చేసేవాళ్ళు ఇప్పుడు హైదరాబాద్‌లోనూ ఉన్నారు, చాలా తక్కువలో అవుతుంది గానీ పని తెలిసినవాడై ఉండాలి. ట్రాఫిక్‌లో బ్రేక్ మీద సగం కాలు పెట్టి అంగుళం అంగుళం పాకించకండి, ముందు బండికి కాస్త గ్యాప్ ఇచ్చి ఒక్కసారి కదలండి. వెనకవాడు హారన్ కొడతాడు, కొట్టనివ్వండి, గేర్‌బాక్స్ బిల్లు వాడు కట్టడు.

బండి చూడ్డానికి వెళ్ళినప్పుడు ఏం చూడాలి?

ముందు రోజే ఫోన్ చేసి 'నేనొచ్చేదాకా స్టార్ట్ చేయకండి' అని చెప్పండి. వెళ్ళగానే బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే ఆయన మీకు ఏదో శబ్దం వినబడకుండా ముందే తిప్పి ఉంచాడన్నమాట, ఇంకోరోజు రండి. చైన్ చప్పుడు, పొగ, మిస్సింగ్ అన్నీ చల్లగా ఉన్నప్పుడే బయటపడతాయి. ఆయిల్ మూత తీసి వెనక చూడండి, మీగడలాంటిది అంటుకుని ఉంటే నీళ్ళు కలుస్తున్నాయేమో అనుమానించాలి. నల్లగా తారులా గడ్డకట్టి ఉంటే ఆయిల్ మార్చకుండా ఏళ్ళు నడిపారు.

రీడింగ్ నమ్మకండి, మీటర్ తిప్పడం పది నిమిషాల పని. కానీ ఈ బళ్ళలో కి.మీ. లెక్క వేరే కంట్రోల్ యూనిట్లలో కూడా రాసుంటుంది, తెలిసినవాడు స్కాన్ కొడితే మీటర్లో 68 వేలు, గేర్‌బాక్స్‌లో లక్షా 74 వేలు అని దొరికిపోయిన కేసు నా కళ్ళముందే జరిగింది, అమ్మే ఆయన టీ తెప్పిస్తానని వెళ్ళి మళ్ళీ రాలేదు. స్కానర్ లేకపోయినా బ్రేక్ పెడల్ రబ్బరు, స్టీరింగ్ తోలు, డ్రైవర్ సీటు అంచు చూస్తే వయసు తెలిసిపోతుంది. స్కాన్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదంటే సంబరపడకండి, అప్పుడే తుడిచేసి ఉండొచ్చు, ముప్పై కి.మీ. తోలి మళ్ళీ కొట్టించండి.

టైర్ల మీద నాలుగంకెలుంటాయి, 2319 అంటే 2019లో 23వ వారం. ట్రెడ్ ఉన్నా వయసైతే పక్కన పడేయాల్సిందే, ఈ సైజుల్లో నాలుగు టైర్లంటే మామూలు ఖర్చు కాదు, ఆ లెక్క బేరంలో తగ్గించుకోండి.

ఢిల్లీ బండి చాలా చవకగా వస్తోంది, తెచ్చుకోవచ్చా?

పదేళ్ళు దాటిన డీజిల్, పదిహేనేళ్ళు దాటిన పెట్రోల్ ఢిల్లీలో తిరగకూడదని 2014, 2015ల్లో ఎన్జీటీ (పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రిబ్యునల్) అంది, 2018లో సుప్రీంకోర్టు సరేనంది, తర్వాత కోర్టులో అటూ ఇటూ అవుతూనే ఉంది. దాని దెబ్బకే అక్కడ తొమ్మిదేళ్ళ డీజిల్ బండి పప్పుబెల్లాల రేటుకి వస్తుంది. బళ్ళు బానే ఉంటాయి, కానీ లెక్క మొత్తం వేయండి: అక్కడి ఆర్టీఓ ఎన్ఓసీ (ఫారం 28), లారీ కిరాయి లేదా తోలుకొచ్చే ఖర్చు, ఇక్కడ వయసు చూసి శాతం ప్రకారం లైఫ్ ట్యాక్స్, రీ-రిజిస్ట్రేషన్, ఏజెంట్. అంతా కూడితే మిగిలేది కొంచెమే. ఎన్ఓసీ చేతికి రాకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి, 'కొరియర్ చేస్తా భాయ్‌సాబ్' అన్న మాట విని ఆర్నెల్లు తిరిగినవాళ్ళు తెలుసు.

వరదలో మునిగిన బండి అని ఎలా కనిపెట్టాలి?

2015లో చెన్నై, 2020 అక్టోబర్‌లో హైదరాబాద్, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగి విజయవాడ, ఇలా ప్రతిసారీ సెల్లార్లలో మునిగిన కార్లు ఇన్సూరెన్స్ వాళ్ళ వేలంలో అమ్ముడై, శుభ్రంగా కడిగి, సెంటు కొట్టి మళ్ళీ మార్కెట్లోకి వస్తాయి. సీట్ బెల్టు చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద గీత ఉంటుంది, అది కడగడం ఎవరికీ గుర్తుండదు. సీటు కింద పట్టాల బోల్టులకి తుప్పు, స్టెప్నీ గుంటలో మట్టి చూడండి. పాత చిన్న కారు మునిగితే ఎండబెట్టి నడపొచ్చేమో, వీటిలో కార్పెట్ కింద కంట్రోల్ యూనిట్లుంటాయి, అవి ఏడాది తర్వాత ఒక్కొక్కటీ చస్తాయి. ఉచితంగా ఇచ్చినా వద్దు.

వరద లేకపోయినా కారులోకి నీళ్ళొస్తున్నాయి, ఎక్కడినుంచి?

కానుగ చెట్టు కింద పార్క్ చేస్తున్నారా? సన్‌రూఫ్ నాలుగు మూలల్లో సన్నటి డ్రెయిన్ గొట్టాలుంటాయి, వైపర్ల కింద కూడా నీళ్ళు పోయే దారులుంటాయి. ఆకులూ పువ్వులూ రాలి మూసుకుపోతే వాన నీళ్ళు పిల్లర్లోంచి లోపలికి దిగుతాయి. జూన్‌కి ముందే బానెట్ తీసి ఆకులు ఏరేయండి, సన్‌రూఫ్ మూలలో గ్లాసుడు నీళ్ళు పోసి చక్రం దగ్గర కారుతున్నాయో లేదో చూడండి. ఐదు నిమిషాల పని.

షోరూం సర్వీసా, బయట గ్యారేజా?

పదేళ్ళు దాటాక నేను బయటే. కానీ బయటంటే అన్ని బళ్ళూ చేసే మూలషెడ్డు కాదు, ఈ బ్రాండ్లే చేసే, సరైన స్కానర్ ఉన్న, చేతిలో పని ఉన్న గ్యారేజీ. ఇలాంటివి హైదరాబాద్‌లో చాలా ఉన్నాయి, వైజాగ్, విజయవాడల్లో కొన్ని. జిల్లా ఊళ్ళో ఉంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, చిన్న సెన్సర్‌కి 200 కి.మీ. టోయింగ్ చేయించాల్సి రావచ్చు. బండి కొనకముందే మెకానిక్‌ని వెతుక్కోండి, ఇది నేను తలకిందులుగా చేశా. ఒక షెడ్డాయన పికప్ లేదంటే ముందు ఈజీఆర్ (పొగని కొంత మళ్ళీ ఇంజిన్లోకి పంపే వాల్వు) మార్చాడు, తర్వాత మాస్ ఎయిర్‌ఫ్లో సెన్సర్ మార్చాడు, తర్వాత టర్బో అన్నాడు. ఇంకొకాయన పొగ మెషిన్ పెట్టి చూస్తే ఒక రబ్బరు పైపుకి వేలంత చీలిక. 'అది మార్చి చూద్దాం సార్' అనేవాడు మీ డబ్బుతో చదువుకుంటున్నాడని అర్థం.

బ్యాటరీ మార్చినా బీఎండబ్ల్యూ లాంటి వాటికి కంప్యూటర్లో రిజిస్టర్ చేయాలి, లేకపోతే ముసలి బ్యాటరీ అనుకుని కొత్తదానికీ అలాగే చార్జింగ్ ఇస్తుంది. అది తెలుసా అని అడగండి, మెకానిక్ స్థాయి తెలిసిపోతుంది.

స్పేర్లు ఎక్కడ దొరుకుతాయి? అన్నీ ఒరిజినలే వేయాలా?

కంపెనీ డబ్బాలో వచ్చే పార్టు చాలావరకు కంపెనీ చేసింది కాదు. ఫిల్టర్ మాన్ లేదా మాహ్లే చేస్తుంది, సస్పెన్షన్ లెమ్‌ఫోర్డర్, షాక్ అబ్జార్బర్ సాక్స్, సెన్సర్లు బాష్. అదే పార్టు వాళ్ళ సొంత డబ్బాలో కొంటే కారు బ్రాండ్ లోగో ఒక్కటే ఉండదు, రేటు బాగా తగ్గుతుంది. ఛాసిస్ నంబర్‌తో పార్ట్ నంబర్ తీసుకుని ఆ నంబరుతోనే వెతకండి, 'లారాకి వాటర్ పంపు' అని అడిగితే తప్పుడుది చేతిలో పెడతారు. కొత్తవాటికి రాణిగంజ్, లేదా ఢిల్లీ కశ్మీరీ గేట్ నుంచి కొరియర్. డోర్, హెడ్‌లైట్, స్విచ్‌ల లాంటివి సెకండ్ హ్యాండ్‌లో విజయవాడ ఆటోనగర్, చెన్నై పుదుపేట, ఢిల్లీ మాయాపురిలో దొరుకుతాయి. బ్రేకులు, టైమింగ్ బెల్టు, ఎయిర్‌బ్యాగ్ మాత్రం పాతవి వద్దే వద్దు.

ఆయిల్ ఎన్నాళ్ళకి మార్చాలి?

పుస్తకంలో 15 వేలని ఉన్నా మన దుమ్ముకీ ట్రాఫిక్‌కీ 8 నుంచి 10 వేలకి, లేదా ఏడాదికి, ఏది ముందైతే అది. డబ్బా మీద 5డబ్ల్యూ-30 అని ఉంటే చాలదు, మీ బండి పుస్తకం అడిగిన నంబర్, వీడబ్ల్యూ 507.00 అనో మెర్సిడెస్ 229.51 అనో, డబ్బా వెనక రాసుందో లేదో చూడండి. బ్రేక్ ఆయిల్ రెండేళ్ళకోసారి.

ఈ20 పెట్రోల్ (20 శాతం ఇథనాల్ కలిపింది) పోస్తే ఏమవుతుంది?

2023 ఏప్రిల్ తర్వాత తయారైనవే ఈ20కి పనికొచ్చేలా చేసినవి. పదేళ్ళ క్రితం బండి మూత వెనక ఈ10 అనో ఈ5 అనో రాసి ఉండొచ్చు. పాత బళ్ళలో మైలేజీ 6-7 శాతం దాకా తగ్గొచ్చని నీతి ఆయోగ్ 2021 రిపోర్టులోనే ఉంది. మైలేజీ కన్నా నా భయం పాత రబ్బరు హోస్‌లు, సీల్స్ గురించి. ఫ్యూయల్ లైన్లు ఏడాదికోసారి తడిమి చూడండి, పెట్రోల్ వాసనొస్తే ఆ రోజే షెడ్డుకి. నెలల తరబడి ట్యాంకు నింపి పార్క్ చేసి ఉంచకండి.

అమెరికాలో ఎంఎస్ చేస్తున్న తమ్ముడు అక్కడ పాత బీఎండబ్ల్యూ కొంటానంటున్నాడు, 7 వేల డాలర్లట.

స్టూడెంట్ అయితే కరోలా కొనుక్కోమనండి. అక్కడ పార్టులు చవక, మెకానిక్ గంట కూలే మోత. 2012 నుంచి 2014 మధ్య 328ఐ అయితే ఎన్20 ఇంజిన్, టైమింగ్ చైన్ గైడ్ ప్లాస్టిక్‌ది, విరుగుతుంది. అయినా వినకపోతే కొనేముందు బయట మెకానిక్‌తో చెకప్ చేయించమనండి.

ఏడాదికి ఎంత ఖర్చు పెట్టుకోవాలి?

కొన్న రేటులో నాలుగో వంతు మొదటి ఏడాదికే పక్కన పెట్టండి, ముందాయన వాయిదా వేసినవన్నీ మీ నెత్తిన పడతాయి. ఆరు లక్షల బండికి లక్షన్నర. అది లేకుండా ఉన్నదంతా ఊడ్చి కొంటే అది మీ దగ్గరా పాడై పడి ఉంటుంది, నాలుగో ఆయన ఎదురుచూస్తూ ఉంటాడు. లోను పెట్టి కొనొద్దు, ఇఎంఐ, మెకానిక్ బిల్లు ఒకే నెలలో వస్తే ఇంట్లో ప్రశాంతత ఉండదు.

ఇంట్లో ఇదొక్కటే కారుగా పెట్టుకోవచ్చా?

నేనైతే వద్దంటా. మా ఇంట్లో రెండోది పాత వ్యాగన్ఆర్, పిల్లల స్కూలు, కూరగాయలు, అర్ధరాత్రి హాస్పిటలు అన్నీ దాని మీదే, ఒక్కరోజు కూడా మొరాయించలేదు. మా ఆవిడ దాన్ని 'మన కారు' అంటుంది, జర్మన్‌దాన్ని 'మీ కారు' అంటుంది. ప్రస్తుతానికి నా కారు షెడ్డులో జాకీల మీద ఉంది, లోయర్ ఆర్మ్ బుష్‌లు ఢిల్లీ నుంచి రావాలి, గురువారం అన్నాడు.